పలికినట్టే అచ్చయ్యే లెక్క

చీరాల దగ్గరి వాడరేవు ఒడ్డుకొచ్చి విరిగే అల, దూరాన లోతు నీళ్లలో ఉన్నప్పుడు ఎంత వేగంగా కదిలింది? దానికో సూత్రం ఉంది. గురుత్వ త్వరణాన్ని అల పొడవుతో గుణించి, రెండు పై (2π)తో భాగించి, వర్గమూలం తీయాలి. శిఖరానికీ శిఖరానికీ మధ్య 100 మీటర్లున్న అల సెకనుకు దాదాపు 12.5 మీటర్లు, అంటే గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వస్తుంది.

చెప్పడం తేలిక. అచ్చు వేయడం అలా కాదు. సీసపు అక్షరాలతో పేజీ కట్టే రోజుల్లో చీరాలలోనైనా తెనాలిలోనైనా ఈ సూత్రం కంపోజిటర్ చేతి కింద చాలాసేపు నలిగేది. పైన ఒక వరుస, మధ్యలో సరిగ్గా కోసిన రూలు, కింద మరో వరుస, ఖాళీల్లో క్వాడ్లు, వీటన్నిటి నెత్తినా వర్గమూలం గీత. ఒక్క ముక్క కదిలితే మొత్తం మళ్లీ పేర్చాలి. టైపిస్టుకు లెక్కలు రావు, లెక్కల మాస్టారికి అచ్చుపని రాదు. కంపోజిటర్‌కు మాత్రం రెండూ కొంచెం కొంచెం వచ్చి తీరాలి. ఆయన వేళ్లలో ఉన్న ఈ విద్యను యంత్రానికి నేర్పిన కథ అమెరికాలో, న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది.

అక్కడ యూనిక్స్‌తో నడిచే కంప్యూటర్లకు ఫొటోటైప్‌సెట్టర్ అనే అచ్చుకూర్పు యంత్రాన్ని జతచేసి, జో ఒసానా ట్రాఫ్ అనే ప్రోగ్రాం రాశారు. మామూలు వచనాన్ని అది చక్కగా అచ్చుకు సిద్ధం చేసేది. లెక్కల దగ్గరే చిక్కు. దానికి బ్రయాన్ కెర్నిగన్, లొరిండా చెర్రీ కలిసి ఈక్యూఎన్ అనే ప్రోగ్రాం తయారుచేశారు. దాన్ని వివరించే వ్యాసం 1975లో వెలువడింది.

వాళ్లు ట్రాఫ్‌ను ముట్టుకోలేదు. అది అప్పటికే పెద్దది, చిక్కుముడులున్నది, పైగా ఆనాటి కంప్యూటర్లలో చోటు చాలా తక్కువ. అందుకని దాని ముందు మరో ప్రోగ్రాంను కాపలాగా నిలబెట్టారు. రచయిత టైపు చేసిన పాఠం ముందు ఈక్యూఎన్ చేతికి వస్తుంది. మామూలు వాక్యాలను అది అలాగే వదిలేస్తుంది. సూత్రం కనబడితే చాలు, దాన్ని ట్రాఫ్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చి ముందుకు పంపుతుంది. ఇలాంటి ప్రోగ్రాంనే ప్రీప్రాసెసర్ అంటారు.

ఇక సూత్రాన్ని ఏ భాషలో రాయాలి? నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. కెర్నిగన్ ప్రిన్‌స్టన్‌లో చదువుకునే రోజుల్లో, చూపులేని వారికోసం సాంకేతిక పుస్తకాలను పైకి చదివి టేపుల మీద రికార్డు చేసేవారు. లెక్కను కంటితో కాక చెవితో అర్థమయ్యేలా చెప్పడం అలా అలవాటైంది. ఆ నోటి మాటే ఈక్యూఎన్ భాష అయింది. మన తరగతి గదుల్లో ‘ఎక్స్ బై వై’ అన్నట్టే అక్కడ ‘ఎక్స్ ఓవర్ వై’ అంటారు. అదే టైపు చేస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి పోయి మధ్యలో గీత పడుతుంది. ‘సప్’ అంటే ఘాతం పైకెక్కుతుంది. ‘లామ్డా’ అని రాస్తే గ్రీకు అక్షరమే అచ్చవుతుంది. అల సూత్రంలో గుణించిన రెండూ కలిసి పైన ఉండాలంటే వాటికి మీసాల బ్రాకెట్లు వేయాలి. పేర్చిన అక్షరాలు చెదరకుండా కంపోజిటర్ దారంతో చుట్టేవాడే, ఆ పనే ఈ బ్రాకెట్లది.

లోపల జరిగేది కూడా కంపోజిటర్ పనే. సూత్రంలోని ప్రతి ముక్కా ఒక పెట్టె. దానికో ఎత్తు, వెడల్పు, పక్క ముక్కతో సరితూగే మట్టం ఉంటాయి. ముందు లోపలి పెట్టెలు తయారవుతాయి. పై పెట్టె, కింది పెట్టెల్లో ఏది వెడల్పయితే గీత అంత సాగుతుంది. వర్గమూలం గుర్తు చివరికి వాటన్నిటినీ కప్పుతుంది. లెక్కలుగానీ అచ్చుపనిగానీ తెలియనివారు సైతం ఈ భాషను గంటసేపట్లో నేర్చుకోగలరని దాని కర్తలు రాశారు. ఒక యంత్రం గురించి ఇంతకంటే మంచిమాట ఏముంటుంది!

తెలుగువాళ్లకు ఈ కథ పరాయిది కాదు, ఎందుకంటే మన లిపిది కూడా ఇదే అవస్థ. ‘స్త్రీ’ అన్న మాట చూడండి. పలికేది ఒకదాని తర్వాత ఒకటిగా, అచ్చులో మాత్రం వత్తులు కిందికి పోతాయి, గుడి దీర్ఘం తలపైకి ఎక్కుతుంది. 1990ల తొలినాళ్లలో అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ‘రిట్’ అనే ప్రోగ్రాం తయారుచేశారు. ఇంగ్లిషు మీటల మీద ఎస్, టీ, ఆర్, పెద్ద ఐ వరుసగా కొడితే చాలు, ఏ వత్తు ఎక్కడ పడాలో అదే చూసుకుని ‘స్త్రీ’ని కట్టేది. రైస్ పేరుతో వాడుకలోకొచ్చిన ఈ పద్ధతిలోనే ఎందరో ప్రవాసాంధ్రులు కంప్యూటర్ మీద తొలిసారి తెలుగు రాశారు. భిన్నాన్ని నిలబెట్టడానికి ఈక్యూఎన్ చేసిన ఉపాయాన్నే ఇది గుణింతానికి చేసిపెట్టింది.

ఇక ఈక్యూఎన్ సంగతికి వస్తే, 1978లో డొనాల్డ్ క్నూత్ రాసిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం వచ్చాక గణిత ప్రచురణ చాలావరకు అటు మళ్లింది. ‘ఓవర్’ అన్న మాట టెక్‌లో కూడా ఉంది. ట్రాఫ్ బదులుగా జేమ్స్ క్లార్క్ రాసిన గ్రాఫ్ అనే ప్రోగ్రాం‌లో ఈక్యూఎన్‌కు కొత్త ఊపిరి వచ్చింది, లినక్స్ కంప్యూటర్లలో ఇవాళ్టికీ పనిచేస్తోంది. చెర్రీ 2022లో కన్నుమూశారు.

ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లో లెక్కలు రాసే చోటు ఒకటుంది. చీరాలలో ఏ సైన్సు మాస్టారైనా పరీక్ష పేపర్‌కు అల సూత్రం కావాలని దాన్ని తెరిస్తే, భిన్నం కోసం టైపు చేయాల్సిన మాట ఇప్పటికీ ‘ఓవర్’.