కాలువ గట్టున క్యాంపులు

కర్ణాటకలో గంగావతి నుంచి సింధనూరు వెళ్లే బస్సెక్కితే దారి పొడవునా ఊరి పేర్ల చివర ‘క్యాంపు’ అన్న మాట కనిపిస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు మిలటరీ శిబిరాలేమో అనుకుంటారు, లేదా శరణార్థులవేమో అనుకుంటారు. సింధనూరు దగ్గర తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల క్యాంపులు నిజంగానే ఉన్నాయి గానీ అది వేరే కథ. మిగతావాటిలో చాలా క్యాంపులు గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులవి. ఊరి బోర్డు కన్నడంలో ఉంటుంది, వాకిట్లో మాటలు తెలుగులో ఉంటాయి. రామాలయం ఉంటుంది. సంక్రాంతికి భోగిమంట పడుతుంది. ఊరు దాటగానే కనుచూపు మేర వరి.

డెబ్బై ఏళ్ల కిందట ఈ నేల మీద వరి చాలా తక్కువ. నల్లరేగడి. జొన్న, పత్తి, శనగ. ఇంత మార్పు నీళ్ల వల్ల వచ్చిందనడం సులువు, కానీ అందులో సగమే నిజం. నీళ్లు తెచ్చినవాళ్లు ఇక్కడ ఇంత వరి పండించాలని అనుకోలేదు, చాలావరకు వద్దనే అనుకున్నారు. వరి వచ్చింది మనుషుల వెంట. ఆ మనుషులకు వరి ఎలా అలవాటైందో తెలుసుకోవాలంటే ఇంకో వందేళ్లు వెనక్కి, ఇంకో నది దగ్గరికి వెళ్లాలి.

డెల్టా రైతు అనగానే తాతముత్తాతల నాటి నుంచీ కాలవ నీళ్లలో, పచ్చటి చేలలో పుట్టి పెరిగినవాడే మన కళ్లముందు మెదులుతాడు. చరిత్ర వేరేగా ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువులో ఒక్క గుంటూరు ప్రాంతంలోనే లక్షకు పైగా జనం చనిపోయారు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు ఉండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువు, తుఫాను, వరద ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చావగా మిగిలినవాళ్లలో చాలామంది ఊళ్లు వదిలి వెళ్లారు. గోదారి పక్కనే పారుతూ ఉండేది, పొలానికి మాత్రం చుక్క ఎక్కేది కాదు.

1847లో ఇంజినీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852లో అది పూర్తయింది. మూడేళ్లకు బెజవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఆనకట్ట లేచింది. ఆ తర్వాత రెండు మూడు తరాల్లో తయారైన మనిషే మనకు తెలిసిన డెల్టా రైతు. కాలవకు నీళ్లెప్పుడు వదులుతారు, ఎప్పుడు కట్టేస్తారు అన్నదే అతని పంచాంగం. ఏడాదిని సార్వా, దాళ్వా అని రెండుగా పంచుకుంటాడు. తూము దగ్గర నీళ్లు వదిలే లస్కరుతో మాట మంచిగా ఉంచుకోవాలి. పై చేనువాడు నీళ్లు విడిస్తేనే కింది చేనుకు అందుతాయి కాబట్టి అతనితో గొడవ పడినా మాటలు మానేయడానికి వీల్లేదు. ఊడ్పులు ఊరంతా ఒకేసారి రావాలి. మిగులు వచ్చింది. మిగులుతో పాటు బడులు, లాయరు చదువులు, నాటకాలు, అప్పులు, కోర్టు వ్యాజ్యాలు అన్నీ వచ్చాయి. భూమి రేటు పెరిగింది, కుటుంబాలు పెరిగాయి, అన్నదమ్ముల వాటాలు చిన్నవయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం వచ్చేసరికి డెల్టాలో పని తెలిసిన చేతులు ఎక్కువ, భూమి తక్కువ అయింది.

బయట ఎక్కడ కొత్త కాలవ తవ్వినా ఆ కబురు డెల్టాకు చేరేది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయితే బోధన్, వర్ని, బాన్సువాడ వైపు కోస్తా రైతులు బండ్లు కట్టారు. ఒడిశాలో 1957లో హిరాకుడ్ వచ్చాక బర్‌గఢ్ ప్రాంతానికి వెళ్లారు. ఈ వలసలన్నిటిలో తుంగభద్రది ప్రత్యేకం. ఎందుకంటే అక్కడ కాగితం మీది పథకానికి, మనిషి అలవాటుకు ముఖాముఖి పోటీ జరిగింది.

తుంగభద్ర మీద పెద్ద జలాశయం కట్టాలన్న ఆలోచన కూడా 1860లో కాటన్‌దే. బళ్లారి, రాయలసీమ కరువులను తట్టుకోవడం దాని ఉద్దేశం. ఎనభై ఐదేళ్ల తర్వాత, 1945లో, మద్రాసు ప్రభుత్వం ఒక ఒడ్డున, హైదరాబాదు నిజాం ప్రభుత్వం మరో ఒడ్డున హోస్పేట దగ్గర శంకుస్థాపన చేశాయి. 1953లో కాలవలకు నీళ్లు వదిలారు. గంగావతి, సింధనూరు ఉన్న రాయచూరు జిల్లా అప్పటికి హైదరాబాదు రాష్ట్రంలోనే ఉంది, 1956లో మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. 227 కిలోమీటర్ల ఎడమ కాలవ కింద సుమారు ఆరు లక్షల ఎకరాలకు నీళ్లివ్వాలన్నది లెక్క.

ఆ లెక్క వెనక మంచి బుద్ధే ఉంది. వరికి పెట్టే నీళ్లతో జొన్న, పత్తి, వేరుశనగ వేస్తే రెండు మూడింతల నేలకు తడి అందుతుంది. కరువు నేల కాబట్టి కొద్దికొద్దిగానైనా ఎక్కువమందికి అందాలి అన్నారు ఇంజినీర్లు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో రాసి పెట్టారు. దానికి ‘లోకలైజేషన్’ అని పేరు. వరికి, చెరకుకు కొద్దిపాటి నేలే విడిచారు.

స్థానిక రైతులు ఆ నీళ్లకు ఎగబడలేదు. దీన్ని వెనకబాటుతనం అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నల్లరేగడిలో జొన్న వేసే పద్ధతి తెలిస్తే ఆ మాట అనబుద్ధి కాదు. వానాకాలమంతా చేను ఖాళీగా ఉంచి, మట్టి కడుపునిండా నీళ్లు తాగాక, వానలు వెనకపట్టు పట్టే వేళకు గొర్రుతో విత్తుతారు. తర్వాత చినుకు పడకపోయినా మంచుకూ నేలలోని చెమ్మకూ పంట చేతికొస్తుంది. మనిషికి రొట్టె, పశువుకు చొప్ప. అలాంటి నేలలో కాలవ నీళ్లు వదిలితే చేను బురదయి, నాగలి దిగబడి, ఉప్పు పైకి తేలుతుందన్న భయం వాళ్లది. ఆ భయం ఉత్తది కాదని తర్వాత తేలింది.

డెల్టావాళ్లు వచ్చింది ఆ సందులోకే. అక్కడ ఒక ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ అనేక ఎకరాలు వచ్చేవి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది భూమి ఉన్న కులాలవారే. చేతిలో సొమ్ము, వెనక బంధుబలగం ఉన్నవాళ్లు. స్థానికుల పాత ఊళ్లలో ఇళ్లు కట్టుకోకుండా కాలవ పక్కన, తమ పొలాల నడుమ దిగారు. క్యాంపులు అలా పుట్టినవే. మొదటి ఏళ్లు తేలిగ్గా గడవలేదు. వాలుగా ఉన్న నేలను చెక్కి, మట్టి లాగి, సమతలమైన మడులుగా చేయాలి. చుట్టూ గట్లు వేయాలి. ఆకుమడి పోయాలి, దమ్ము చేయాలి. నల్లరేగడి దమ్ము అంటే మోకాలి లోతు జిగురు. ఎద్దు కాలు దిగితే పైకి రావడం గగనం. ఊడ్పు తెలిసిన ఆడవాళ్లు అక్కడ దొరకరు, నేర్పించాలి. ఇంత చేసి వాళ్లు వేసింది ఆ సర్వే నంబరులో వేయకూడదని రాసి ఉన్న పంట.

ప్రభుత్వం నోటీసులిచ్చింది, జరిమానాలు వేసింది. చట్టంలో ‘ఉల్లంఘన’ అన్న మాట అలాగే ఉంది, చేలల్లో వరీ అలాగే ఉంది. ఒకసారి మడి కట్టి నీళ్లు నిలబెట్టాక పక్క చేనువాడు జొన్న వేయాలన్నా కుదరదు. ఊట దిగి వేళ్లు కుళ్లుతాయి. అందుకని పక్కవాడూ వరే వేశాడు. చూసి నేర్చుకున్న కన్నడ రైతులు రెండో తరానికి వచ్చేసరికి ఆంధ్రావాళ్లకు తీసిపోకుండా పండించారు. మిల్లులు లేచాయి. బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, దాని చుట్టాలైన సన్నరకాలు ఇక్కడి నేలకు బాగా కుదిరాయి. గంగావతికి ‘కర్ణాటక ధాన్యాగారం’ అన్న పేరు స్థిరపడింది. అమెరికాలో ఇండియన్ స్టోర్లలో తెలుగువాళ్లు భుజాన వేసుకెళ్లే సోనా మసూరి బస్తాల్లో ఈ వైపు మిల్లుల బియ్యమూ ఉంటుంది.

పంట మనిషి స్వభావాన్ని కూడా మారుస్తుందా? ఈ ప్రశ్నను సీరియస్‌గా పట్టుకున్నవాడు థామస్ టాల్హెల్మ్ అనే మనస్తత్వ పరిశోధకుడు. చైనాలో యాంగ్‌ట్జీ నదికి దక్షిణాన వరి, ఉత్తరాన గోధుమ. వరి ప్రాంతాల విద్యార్థులు మనుషుల మధ్య సంబంధాలకు ఎక్కువ విలువిస్తారనీ, గోధుమ ప్రాంతాలవాళ్లు కొంచెం ‘నేను’ అనే ధోరణిలో ఉంటారనీ 2014లో అతని బృందం ప్రకటించింది. వరికి నీళ్లు పంచుకోవాలి, ఊడ్పులకు ఒకరికొకరు చేయి వేయాలి. గోధుమ రైతుకు ఆ అవసరం తక్కువ. ఉత్తరానికీ దక్షిణానికీ తేడాలు పంటలోనే ఉన్నాయా అని విమర్శకులు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. 2024లో టాల్హెల్మ్, డాంగ్ షియావే కలిసి దానికి చక్కటి జవాబు వెతికారు. ఉత్తర చైనాలోని నింగ్‌షియాలో రెండు ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలున్నాయి. వాతావరణం ఒకటే. వరి పండించాలో గోధుమ పండించాలో అక్కడి జనం ఎంచుకోలేదు, ప్రభుత్వం పంపిన చోటికి వెళ్లారు. అయినా వరి క్షేత్రంలో వాళ్లు స్నేహితుణ్ణి పరాయివాడి కంటే ఎక్కువగా వెనకేసుకొచ్చారు, తమను తాము గోధుమ క్షేత్రంవాళ్లంత పెద్దగా చూసుకోలేదు. ఒకటి రెండు తరాల్లోనే ఆ తేడా కనిపించింది.

తుంగభద్ర క్యాంపులకు దీన్ని ఉన్నదున్నట్టు అంటించకూడదు. డెల్టా రైతు బంధువులను వెంట తెచ్చుకుని క్యాంపు కట్టినంత మాత్రాన వ్యాపార బుద్ధిలో, పోటీలో ఎవరికీ తీసిపోడు. వడ్డీలెక్కల్లో అసలే తీసిపోడు. చైనా పరిశోధన చెప్పేదాంట్లో పనికొచ్చేది ఒకటుంది. మనం ఫలానావాళ్ల ‘రక్తంలోనే ఉంది’ అనే గుణం చాలాసార్లు వాళ్ల తాతల నాటి కాలవలో ఉంటుంది. ధవళేశ్వరం లేకపోతే ‘వరి రైతు రక్తం’ అన్న మాటే పుట్టేది కాదు.

నేలను మార్చినవాళ్లను నేల కూడా వదల్లేదు. క్యాంపుల్లో మూడో తరం పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, సినిమా వచ్చినప్పుడు హీరో కోసం రెండు భాషల్లోనూ కొట్లాడతారు. పొద్దున మండక్కి, మిర్చి బజ్జి. మధ్యాహ్నం అన్నంలోకి ఆవకాయ. రాత్రికి జొన్నరొట్టె, ఎర్ర కారం, గుత్తివంకాయ లాంటి ఎణ్ణెగాయి. భీమవరం బంధువుల పెళ్లికి వెళ్తే వీళ్ల మాటలోని కన్నడ యాసను పట్టుకుని ఏడిపిస్తారు. గంగావతి సంతలో ‘ఆంధ్రదవరు’ (ఆంధ్రావాళ్లు) అంటారు. రెండు చోట్లా సగం సగం బయటివాళ్లే. ఇటు పాత కన్నడ ఊళ్లలోనూ మార్పు వచ్చింది. ఒకప్పుడు పండగనాటి వంటకమైన వరి అన్నం రోజూ తినే కూడైంది. అందులో రేషను బియ్యం పాత్ర కూడా తక్కువేం కాదు. జొన్నరొట్టె ఖానావళిలో డబ్బిచ్చి కొనుక్కునే రుచైపోయింది.

బాధ చివరి ఆయకట్టుది. కాలవ మొదట్లో వరి ఎంత విస్తరిస్తే కొసన ఉన్న మాన్వి, రాయచూరు వైపు చేలకు నీళ్లు అంత తగ్గాయి. వాళ్ల సర్వే నంబర్లకూ కాగితం మీద హక్కుంది, నీళ్లు మాత్రం గంగావతిలోనే ఆగిపోతాయి. ఆ ఆరు లక్షల ఎకరాల మాట అక్కడి రైతుకు ఎకసెక్కెంలా వినిపిస్తుంది. క్యాంపుల విజయగాథ చెప్పేవాళ్లు ఈ పేజీ తిప్పేస్తుంటారు. మొదటి ఆయకట్టులోనూ పాత జొన్న రైతు భయపడ్డట్టే జరిగింది. నీరు దిగక, ఉప్పు తేలి చౌడుబారిన నేలలను బాగు చేయడం గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి దశాబ్దాలుగా పెద్ద పనైపోయింది. జలాశయమూ పూడిపోతోంది. 133 టీఎంసీల నిల్వ కోసం కట్టినది ఇప్పుడు సుమారు 105 టీఎంసీలు పడుతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఊడ్పులు అయ్యీ అవని వేళ. గేటు బిగించాలంటే నిండుగా ఉన్న జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేయాల్సిందేనన్నారు. నీళ్లు కిందికి పోతుంటే క్యాంపుల్లోనూ, పక్కనున్న కన్నడ ఊళ్లలోనూ నిద్ర లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి, నీళ్లు పారుతుండగానే స్టాప్‌లాగులు (అడ్డు పలకలు) దింపించి వారంలో ప్రవాహాన్ని ఆపించారు. ఆ ఏడు పైన వానలు కలిసొచ్చి జలాశయం మళ్లీ నిండింది. నీళ్లు తక్కువ తాగే పంటలు వేయండి, కనీసం రెండో పంటకైనా వరి మానండి అని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆనాడు ఇంజినీర్లు రాసిపెట్టిన మాటకు ఇది దగ్గరగానే ఉంది. వినడానికి రైతుకు అభ్యంతరం లేదు. కానీ మిల్లు వరిది, కోతమిషను వరిది, బ్యాంకు అప్పు వరి మీదది, గట్లు కట్టి చదును చేసిన మడి కూడా వరిదే.