టామ్ ఫ్రాస్ట్: తన బెస్ట్ సెల్లర్‌ని కొనొద్దన్న ఇంజినీర్

ఇవాళ ఫోన్ రివ్యూ లేదు, కొత్త యాప్ లేదు. ఒక మనిషి గురించి మాట్లాడుకుందాం. పేరు టామ్ ఫ్రాస్ట్. అమెరికాలో ఇంజినీర్, కొండలెక్కే మనిషి. 2018 ఆగస్టులో, 82 ఏళ్ల వయసులో పోయారు. పటగోనియా అనే బట్టల బ్రాండ్ మీలో చాలామంది వినే ఉంటారు. అది పెట్టిన ఇవాన్ షునార్డ్‌తో కలిసి బండలెక్కిన స్నేహితుడు ఈయన. తర్వాత వ్యాపారంలో కూడా భాగస్వామి. షునార్డ్ మీద వీడియోలకు కొదవ లేదు. ఫ్రాస్ట్ పేరు మాత్రం ఎక్కడో ఒక లైన్‌లో వచ్చి వెళ్లిపోతుంది. నాకది నచ్చలేదు, అందుకే ఈ ఎపిసోడ్.

పర్వతారోహణ అంటే మనకు ముందు మంచు గుర్తొస్తుంది. నిలువు బండ ఎక్కడం వేరే లెక్క. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణకి తొలి శిక్షణ దొరికింది భువనగిరి బండ మీదే. అలాంటి గ్రానైటే నేలమీంచి నిటారుగా దాదాపు 900 మీటర్లు లేచిందనుకోండి, బుర్జ్ ఖలీఫా కంటే ఎత్తుగా. అది కాలిఫోర్నియాలో, యోసెమిటీ లోయలో ఉన్న ఎల్ కాపిటాన్.

మరి అంత గోడ మీద చెయ్యి జారితే? బండలో పగుళ్లుంటాయి కదా, ఆ పగుల్లో సుత్తితో ఒక ఇనుప మేకు దిగ్గొడతారు. దాన్నే పిటాన్ అంటారు. దాని తలకున్న కన్నంలో కొక్కెం, ఆ కొక్కెంలోంచి తాడు. కొడుతుంటే వచ్చే చప్పుడు దెబ్బదెబ్బకీ పై శ్రుతికి వెళ్తోందంటే మేకు గట్టిగా దిగినట్టు. మొద్దుగా మోగితే నమ్మకూడదు. ఎక్కేవాడి ప్రాణం ఆ చెవి మీద ఉంటుంది.

యూరప్‌లో పిటాన్లు మెత్తటి ఇనుముతో చేసేవారు. ఒకసారి కొడితే అక్కడే వదిలేయడమే. ఎల్ కాపిటాన్ లాంటి గోడకి వందల సార్లు కొట్టాలి, అన్ని మేకులు ఎవరు మోస్తారు? అందుకే షునార్డ్ 1957లో పాత సామాన్ల యార్డులో ఒక కొలిమి కొనుక్కుని, కమ్మరిపని తనే నేర్చుకుని, క్రోమ్-మాలిబ్డినమ్ ఉక్కుతో పిటాన్లు చేయడం మొదలుపెట్టాడు. కొట్టొచ్చు, ఊడబీకొచ్చు, పైన మళ్లీ కొట్టొచ్చు. యూరప్ పిటాన్ 20 సెంట్లు, ఇతనిది డాలరున్నర. అయినా జనం ఇతనివే కొన్నారు.

ఇక్కడికి ఫ్రాస్ట్ వస్తారు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ చదివి, విమానాల పరిశ్రమలో పనిచేసిన మనిషి. 1960లో ఈ ఇద్దరూ కలిసి తపాలా బిళ్లంత పిటాన్ ఒకటి తయారుచేశారు. వెంట్రుకంత సన్నటి పగుల్లో కూడా దిగేది. 1960ల మధ్యలో పూర్తిస్థాయి భాగస్వాములయ్యారు. దాదాపు తొమ్మిదేళ్లు కలిసి పనిచేశారు. ఒక్కో పనిముట్టునీ తీసుకుని ఇంకా తేలిగ్గా, ఇంకా గట్టిగా ఎలా చేయాలా అని మళ్లీ గీసేవారు. ఒక మాట గమనించండి, వీళ్లు చేసిన వస్తువు ఫెయిలైతే ముందు పడేది వీళ్లే. మన టెస్టింగ్ టీములకి ఇంత మోటివేషన్ ఉండదు!

ఫ్రాస్ట్ ఎక్కే పద్ధతి కూడా ఒకసారి చూడాలి. ఎల్ కాపిటాన్‌ని మొదటిసారి ఎక్కినవాళ్లు 1958లో, నోస్ అనే దారిలో, బండకి 125 బోల్టులు డ్రిల్ చేసి బిగించారు. 1961లో ఫ్రాస్ట్, రాయల్ రాబిన్స్, చక్ ప్రాట్ అదే కొండని సలాతే వాల్ అనే కొత్త దారిలో ఎక్కారు. వాడిన బోల్టులు 13.

1970 వచ్చేసరికి షునార్డ్ ఎక్విప్‌మెంట్ అమెరికాలోనే అతిపెద్ద క్లైంబింగ్ సామాన్ల కంపెనీ. ప్రధాన ఆదాయం పిటాన్ల మీదే. సరిగ్గా అప్పుడే గొడవ మొదలైంది. కొన్నేళ్ల క్రితం శుభ్రంగా ఉన్న నోస్ దారిలో పగుళ్లన్నీ గుంటలు పడిపోయాయి. కారణం నాసిరకం పిటాన్ కాదు, మంచి పిటాన్! మెత్తటి మేకైతే ఒకసారి దిగి అక్కడే ఉండిపోతుంది. ఇదేమో ప్రతి ఒక్కరూ కొడతారు, పీకుతారు. వెనకొచ్చేవాడు అదే చోట మళ్లీ కొడతాడు. పదిమంది ఎక్కినప్పుడు కనపడని దెబ్బ, వేలమంది ఎక్కేసరికి బండని తినేసింది. పది మంది యూజర్లకి బ్రహ్మాండంగా నడిచి, పది లక్షల మందికి కుప్పకూలే సర్వర్ గుర్తొచ్చిందా? తేడా ఏంటంటే సర్వర్‌ని రీస్టార్ట్ చేయొచ్చు. గ్రానైట్‌ని చేయలేం. యోసెమిటీలో సెరెనిటీ క్రాక్ అనే దారిలో ఇవాళ్టికీ జనం వేళ్లు పెట్టి ఎక్కేది ఆ పాత పిటాన్ గుంటల్లోనే.

మరి సుత్తి లేకుండా ఎలా? బ్రిటన్ క్లైంబర్లు అప్పటికే మామూలు మెషీన్ నట్టులకి తాడు ఎక్కించి పగుళ్లలో ఇరికించేవారు. షునార్డ్, ఫ్రాస్ట్ ఆ ఆలోచన తీసుకుని హెక్సెంట్రిక్ చేశారు. అల్యూమినియం గొట్టం ముక్క, ఆరు పక్కలు, కానీ సమానం కాదు. అసలు తెలివంతా ఆ అసమానంలోనే ఉంది. తిప్పి పెడితే ఒకే ముక్క రకరకాల వెడల్పులకి సరిపోతుంది. కిందికి ఇరుకయ్యే పగుల్లో పెట్టి లాగితే బిగుసుకుంటుంది. పైకి కదిపితే చేత్తోనే వచ్చేస్తుంది. బండ మీద గీత కూడా పడదు. మా పాత ఆఫీసులో ఒక కొలీగ్ బ్యాగులో చూశాను దాన్ని. చూస్తే వంద రూపాయల రేకు ముక్కలా ఉంటుంది. నాలుగు కలిపి నడుముకి తగిలించుకుంటే ఆవు మెడలో గంటల్లా మోగుతాయి.

1972లో కేటలాగ్ వేశారు. అమ్మకానికి వేసిన ఆ పుస్తకం మొదట్లోనే ఇద్దరూ కలిసి, పిటాన్లు కొండని పాడుచేస్తున్నాయి, మానుకుందాం అని రాశారు. డగ్ రాబిన్సన్ అనే క్లైంబర్ రాసిన పెద్ద వ్యాసం కూడా అందులోనే వేశారు, సుత్తి లేకుండా ఎక్కడం ఎలాగో నేర్పుతూ. సంపాదించిపెట్టే వస్తువుని కొనొద్దని సొంత కేటలాగ్‌లో చెప్పడం! మనకి తెలిసిన కంపెనీ ఏదైనా 'ఎకో పిటాన్ ప్రో' అని ఇంకో పది డాలర్లు పెంచి వదిలేది.

ఇది మంచితనం కథ మాత్రమే కాదు, అందులో రిస్క్ ఉంది. కొట్టిన మేకు మీదున్న నమ్మకం, ఊరికే ఇరికించిన ముక్క మీద ఎవరికుంటుంది? మార్కెట్ నో అంటే కొలిమి చల్లారిపోయేది. కానీ కొన్ని నెలల్లోనే పిటాన్ల అమ్మకాలు పడిపోయి, ఈ కొత్త ముక్కలు చేసినవి చేసినట్టే అయిపోయాయి. 1973లో రాబిన్సన్, ఇంకో ఇద్దరు కలిసి పక్కనే ఉన్న హాఫ్ డోమ్ గోడని సుత్తి లేకుండా ఎక్కేశారు. దాంతో వాదన సగం ఆగిపోయింది.

1970ల మధ్యలో ఇద్దరూ విడిపోయారు. షునార్డ్ బట్టల వైపు వెళ్లాడు. ఫ్రాస్ట్ కొలరాడో వెళ్లి ఫోటోగ్రఫీ లైటింగ్ కంపెనీ కైమెరాకి సహ వ్యవస్థాపకుడయ్యారు. గోడల మీద వేలాడుతూ ఆయన తీసిన ఫోటోలు ఆ కాలానికి ఇవాళ సాక్ష్యం. కైమెరా సాఫ్ట్‌బాక్సులు సినిమా సెట్ల దాకా వెళ్లాయి. ఇప్పుడు నా ముఖం మీద పడుతున్న లైటుకి కట్టిన తెల్ల గుడ్డ పెట్టె కూడా ఆ జాతిదే, చవక రకం.

1997లో యోసెమిటీలో వరదలొచ్చాయి. ఆ తర్వాత, క్లైంబర్లు ఏళ్ల తరబడి డేరాలు వేసుకున్న క్యాంప్ 4 పక్కనే భవనాలు కట్టాలని ప్లాన్ వేస్తే, అరవై దాటిన ఫ్రాస్ట్ కోర్టుకెక్కారు. 2003లో ఆ క్యాంపుని చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో చేర్చారు. డేరాలు ఇప్పటికీ అక్కడే వేస్తున్నారు.

పగులు రెండువైపులా సమానంగా ఉంటే హెక్స్ అంత బాగా నిలబడదు. దానికి ఇంకో ఏరోస్పేస్ ఇంజినీర్, రే జార్డిన్, స్ప్రింగులతో ఒక పరికరం చేశారు. దాని పేరే 'ఫ్రెండ్'. అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండి.