టీ పాడైంది పొడివల్లనా? నీళ్ళవల్లనా?

విశాఖపట్నంలో వున్న కూతురింటికి వెళ్ళిన తల్లి అక్కడి టీ బాగుందని మెచ్చుకుని, అదే కంపెనీ పొట్లం ఒకటి కొని సంచిలో వేసుకుని ఊరికి వస్తుంది. మర్నాడు తన ఇంట్లో కాచి చూస్తే ఆ రుచి రాదు. రంగు నలుపు, పైన తెట్టె, నాలుకకు వగరు. కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడని తిట్టుకుంటుంది. పాపం, కొట్టువాడి తప్పేమీ లేకపోవచ్చు! డికాషనులో ఆకునుంచి దిగిన సారం నూటికి ఒక పాలు కూడా వుండదు. తక్కినదంతా నీళ్ళే. పొడి మారకపోయినా నీళ్ళు మారాయి. కాచే పద్ధతి కూడా మారి వుండవచ్చు.

ఆరోగ్యం గురించి రాసే చోట టీ రుచి గొడవ ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. దానికి కారణం వుంది. గ్లాసులో టీని నల్లబరిచే రసాయన చర్య, భోజనంతోపాటు టీ తాగేవారి రక్తాన్ని పలచన చేసే చర్య ఒకటే. రెండూ కలిపి తెలుసుకుంటే నాలుకకూ మంచిది, ఒంటికీ మంచిది.

తరవాణి పోయి టీ వచ్చింది

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలకూ టీకీ పాత సంబంధమే వుంది. ఈ రెండు జిల్లాలూ ఏర్పడకముందు, గంజాం, విశాఖపట్నం జిల్లాలుగా వున్న కాలంలో ఇక్కడి పేదలు ఎందరో అస్సాం టీతోటలకు కూలికి వెళ్ళారు. వారి సంతతి ఇప్పటికీ అక్కడ వున్నారు. కాని ఆ రోజుల్లో మన పల్లెల్లో పొద్దున్నే తాగింది టీ కాదు, చోడి అంబలి, తరవాణి. వ్యాపారులు ఊరూరా టీ కాచి ఉచితంగా పోసి అలవాటు చేసే ప్రచారం దేశంలో 1930లలో జోరుగా సాగింది. ఇవాళ అంబలి తాగే ఇళ్ళు తగ్గాయి. టీ పడందే పొలానికి కాలు కదలదు.

ఆ కాలంలోనే ఇంకొక మార్పు కూడా జరిగింది. 1930 ప్రాంతంలో అస్సాంలో విలియం మెకర్చర్ అనే ఆయన ఆకును నలిపి, చించి, చిన్న ఉండలుగా చుట్టే యంత్రాన్ని తయారుచేశాడు. ఇప్పుడు మన కొట్లలో దొరికే గుళికల టీ, డస్ట్ టీ చాలావరకు ఆ పద్ధతిలో వచ్చినవే. ఆకు ముక్కలైపోయి వుంటుంది కనుక సారం నిమిషాల్లో దిగిపోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాచేటప్పుడు అవసరం పడుతుంది.

నీళ్ళు ఏం చేస్తాయి?

“ఈ నీళ్ళకు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు” అని ఆడవాళ్ళు అంటూ వుంటారు. ఆ మాట నూటికి నూరుపాళ్ళు శాస్త్రీయం. లోతు బోర్లలోనూ, కొన్ని బావులలోనూ కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా కరిగి వుంటాయి. వాటిని కఠినజలం అంటారు. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు వుండటం మంచిది. వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు ఒప్పుకోవచ్చు. నాగావళి, వంశధార, చంపావతి ఇసుక ఊటల నీళ్ళు సాధారణంగా ఇంతకంటె మెత్తనివి. సముద్రం ఒడ్డు ఊళ్ళలో బావులకు ఉప్పదనం తోడవుతుంది.

అటువంటి నీళ్ళలో టీ వేస్తే మూడు చిక్కులు వస్తాయి. ఒకటి, రంగు బాగా ముదురుతుంది కాని వాసన, తేటదనం తగ్గుతాయి. రెండు, పైన మీగడలాంటి తెట్టె కడుతుంది. అది పాల మీగడ కాదు. టీలోని పదార్థాలు, నీటిలోని కాల్షియం, గాలి కలిసి కట్టిన పొర. మూడు, రుచి చప్పబడుతుంది. చప్పగా వుందని ఇంకొక చెంచా పొడి వేస్తాం. పొడి పెరిగితే వగరు పెరుగుతుంది. వగరు చంపడానికి ఇంకొక చెంచా పంచదార! నీటిలో మొదలైన లోపం చివరికి పంచదార డబ్బాలో తేలుతుంది. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున రోజుకు ఐదు గ్లాసులు తాగేవారి ఒంట్లోకి టీద్వారానే 40 గ్రాములకు తక్కువ కాకుండా పంచదార పోతుంది. మధుమేహం ఇంటింటికీ వస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

మీ ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడవచ్చు. ఒకే పొడి, ఒకే కొలత. ఒక గిన్నెలో బోరు నీళ్ళు, ఇంకొక గిన్నెలో కుళాయి నీళ్ళు లేదా పట్టిన వాననీళ్ళు. పాలు పొయ్యకుండా కాచి, రెండు గాజు గ్లాసుల్లో వడగట్టి పక్కపక్కన పెట్టండి. తేడా కంటికే కనిపిస్తుంది. నల్లగా వున్న గ్లాసులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. రంగు తేలికపడి, తెట్టె చాలావరకు విడిపోతుంది.

సిరా లాంటి టీ

కొన్ని బోర్ల నీళ్ళు తోడినప్పుడు తేటగా వుండి, కాసేపటికి ఎర్రబడి బిందె అడుగున తుప్పులాగా పేరుకుంటాయి. వాటిలో ఇనుము వుందన్నమాట. ఆ నీళ్ళతో కాచిన టీ నల్లగా సిరాలా వుంటుంది. సిరాలా ఏమిటి, ఒక రకంగా సిరాయే! మన పెద్దలు కరక్కాయల కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసుకునేవారు. కరక్కాయలో వున్నది టానిన్, అన్నభేదిలో వున్నది ఇనుము. రెండూ కలిస్తే నల్లని పదార్థం పుడుతుంది. టీలోనూ ఆ జాతి వగరు పదార్థాలే వున్నాయి.

ఇక అసలు సంగతికి వద్దాం. అన్నం, పప్పు, ఆకుకూర, చోడి రొట్టె తిన్న వెంటనే గ్లాసుడు టీ తాగితే కడుపులో కూడా ఇదే జరుగుతుంది. ఆహారంలోని ఇనుమును టీ టానిన్ పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. 1975లో ‘గట్’ అనే వైద్యపత్రికలో దక్షిణాఫ్రికా వైద్యులు ఈ సంగతి ప్రచురించారు. రొట్టె తిన్నా, బంగాళాదుంప ఉల్లిపాయల సూపుతో అన్నం తిన్నా, కూడా టీ తాగినవారి ఒంటికి ఇనుము పట్టడం తగ్గిపోయింది. పాలు కలిపాం కదా అని ధైర్యపడకండి. పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డుపడేదే.

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత వుందని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. దీనికంతటికీ టీయే కారణమని నేననను. తిండి చాలకపోవడం, నులిపురుగులు, వెంటవెంటనే కాన్పులు, ఇవన్నీ వున్నాయి. కాని ఒంట్లోకి పోయే కాస్త ఇనుమునూ టీ గుమ్మం దగ్గరే ఆపేస్తే ఎలా? గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము వుంటుంది. “బాబూ, మాత్రలు మింగతన్నాను గాని నీరసం పోనేదు” అని వచ్చేవారిని “దేనితో మింగుతున్నావమ్మా?” అని అడిగి చూడండి. “టీనీలతోనే బాబూ” అన్న జవాబు తరచు వినిపిస్తుంది. మాత్ర మంచినీళ్ళతోగాని నిమ్మరసంతోగాని వేసుకోవాలి. టీతో వద్దు, పాలతోనూ వద్దు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచన కూడా ఇదే. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ తాగరాదు. పసిపిల్లలకు పాలకు బదులుగా టీలో బ్రెడ్డు ముంచి పెట్టే అలవాటు పూర్తిగా మానాలి.

కాచే పద్ధతి

చాలా ఇళ్ళలో నీళ్ళు, పాలు, పొడి, పంచదార ఒకేసారి వేసి పొంగులు పొంగించి మరిగిస్తారు. కొన్ని బడ్డీలలో పాత పొడిమీదే కొత్త పొడి వేసి సాయంత్రందాకా కాస్తారు. అది టీ కాదు, కషాయం. హుషారునిచ్చే కెఫీన్, మంచి వాసన మొదటి నిమిషాల్లోనే దిగుతాయి. తరువాత మరిగేకొద్దీ వాసన ఆవిరైపోతుంది, వగరు దిగుతూనే వుంటుంది.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1980లో టీ రుచి చూసే నిపుణులకోసం ఒక పద్ధతి నిర్ణయించింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల టీ వేసి, సలసల కాగే నీళ్ళు పోసి, మూతపెట్టి 6 నిమిషాలు వుంచాలి. మంచిచెడ్డలు అన్నీ బయటపడాలని వారు అంత చిక్కగా తీస్తారు. మనకు అంత అక్కరలేదు.

నీళ్ళు బాగా తెర్లనివ్వండి. దించి, మనిషికి ఒక చిన్న చెంచా చొప్పున పొడి వేసి మూతపెట్టండి. గుళికల టీ అయితే మూడు నాలుగు నిమిషాలు, డస్ట్ అయితే రెండు మూడు నిమిషాలు చాలు. వడగట్టి, వేరే కాచిన వేడిపాలు కలపండి. పంచదార ఆఖర్న, రుచి చూసి వేసుకోండి. వగరు తక్కువ గనుక సగం చెంచా తగ్గినా నాలుకకు తెలియదు. మిగిలిన టీని మళ్ళీ మరిగించవద్దు.

మరగబెడితే అన్నీ పోతాయా?

నీళ్ళు తెర్లేటట్టు ఒక నిమిషం కాగితే రోగక్రిములు చస్తాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి మరువలేము. అటువంటప్పుడు కాగిన టీ ప్రమాదం కాదు. ఆ టీ పోసే గ్లాసును ఒకే బకెట్టు నీళ్ళలో పొద్దుటినుంచి ముంచి తీయడం ప్రమాదం. విరేచనాలు అవుతున్నవారికి మాత్రం టీ పనికిరాదు, ఓఆర్‌ఎస్ ఇవ్వాలి.

క్రిములు చస్తాయి గాని లవణాలు చావవు. కాఠిన్యంలో కొంతభాగం గిన్నె అడుగున తెల్లటి పెచ్చుగా దిగుతుంది. ఉప్పు, ఫ్లోరైడ్ మాత్రం అలాగే వుంటాయి. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి కూడా. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగడానికి పనికిరావు. టీ ఆకులోనూ సహజంగా ఫ్లోరైడ్ వుంటుంది కనుక అటువంటి ఊళ్ళలో టీ మరీ తగ్గించాలి. అనుమానం వుంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నీళ్ళు పరీక్ష చేయించండి.

ఉద్దానంవారు “మా కిడ్నీల జబ్బుకు ఈ నీళ్ళూ, ఈ టీయేనా కారణం?” అని అడుగుతూ వుంటారు. కవిటి, సోంపేట, పలాస వైపు మండలాలను పట్టి పీడిస్తున్న ఆ జబ్బుకు ఇదొక్కటే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు. టీని ముద్దాయిని చేయడానికి ఆధారం లేదు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని హిరమండలం నుంచి ఉద్దానానికి తెచ్చే పథకం కూడా ఆ రోజే మొదలయింది. కుళాయికి ఆ నీళ్ళు వస్తున్న ఇళ్ళవారు తాగడానికీ, టీకీ అవే వాడుకోండి. డయాలిసిస్ మీద వున్నవారు డాక్టరు చెప్పిన నీటి కొలతలో టీని కూడా లెక్కవేసుకోవాలి. టీ నీళ్ళలోకి రాదనుకోవడం పొరపాటు.

టీ మానెయ్యమని నేను చెప్పడం లేదు. రోజుకు రెండు మూడు గ్లాసులు, మంచినీళ్ళతో, పలచగా, భోజనానికి దూరంగా తాగండి. అన్నంలోకి మాత్రం ఒక నిమ్మచెక్కో, ఉసిరికాయ పచ్చడో వుండేటట్టు చూసుకోండి. టీ ఆపే ఇనుమును పులుపు ఒంటికి పట్టిస్తుంది.