గుండెజబ్బుతో గృహజీవనము

గుండెకు చికిత్స హైదరాబాదులో జరిగినను, తరువాతి జీవితము తాండూరులోనో వికారాబాదులోనో సాగవలసినదే. మందు పుచ్చుకొనుట, పనికి పోవుట, పప్పు వండుకొనుట, కచ్చేరీలలో కాగితములు చూపుట మున్నగు చిన్న విషయములనే మేము ఈ ప్రసంగమున ముచ్చటింపనెంచితిమి.

గుండె రక్తనాళములో స్టెంటు అమర్చిన పిదప, రక్తము గడ్డకట్టకుండ సాధారణముగా రెండు రకముల మాత్రలిత్తురు. నొప్పి తగ్గినది కదా యని వానిని మానినచో స్టెంటులోనే రక్తము గడ్డకట్టవచ్చును. పన్ను తీయించుకొనవలసి వచ్చినను, గుండె వైద్యుని అడుగక మానరాదు.

లోహపు కవాటము అమర్చినవారు వార్ఫరిన్ వంటి మాత్రను జీవితాంతము వాడవలసియుండును. వారు ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్షను వైద్యుడు చెప్పిన గడువున చేయించుకొని, ఫలితమును తేదీతో సహా ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆకుకూరలలోని కె విటమిను ఈ మాత్ర బలమును తగ్గించును. అందుచే కొందరు గృహిణులు ఆకుకూరపప్పును పూర్తిగా నిషేధింతురు. తాండూరు కందిపప్పు ఇంట నుండగా అంత శిక్ష అక్కరలేదు! ఒక వారము మానివేసి, మరు వారము గిన్నెలకొలది తినుటయే చెరుపు. ఎల్లప్పుడు ఇంచుమించు ఒకే పాళమున తిన్నచో, వైద్యుడు మాత్రను దానికి తగినట్లు సవరించును. నొప్పిమాత్రలను, నాటుమందులను మాత్రము అడుగకుండ చేర్చరాదు.

ఇక పని. తాండూరు బండల గనులలో బరువులెత్తు కూలీల చిక్కు పెద్దది. రొమ్ము తెరచి శస్త్రచికిత్స చేసినచో, ఎముక అతుకుకొనుటకు రెండు మూడు మాసములు పట్టును. కూలి పోవునను దిగులుతో అంతకు ముందే బండ ఎత్తినవాడు ఆ అతుకునకే చేటు తెచ్చుకొనును. ఇ.ఎస్.ఐ. చందా నియమము ప్రకారము కట్టుచున్నవారికి ఏడాదికి 91 దినముల వరకు, వేతనములో నూటికి 70 వంతున అనారోగ్యభత్యము లభించును. చందా లేని దినకూలీకి ఈ ఆధారము లేదు. మేస్త్రికి వైద్యుని చీటీ చూపి తేలికపని అడుగుటయే అతనికి దారి. అనంతగిరి గుట్ట ఎక్కవచ్చునా యని అడుగువారును కలరు. మొదట సమతలమున, ఆయాసపడక మాటాడగలిగినంత వేగముతో నడువవలెను. వైద్యుడు సరేయన్న పిదప గుట్ట సంగతి.

కాగితముల విషయమున కొన్ని అపోహలు కలవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున పేర్కొన్న 21 వైకల్యములలో గుండెజబ్బు లేదు. కావున కేవలము దానికై సదరం ధ్రువపత్రము కొరకు తిరుగుట వ్యర్థశ్రమ. ఉపయోగపడునవి వేరు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగినది. కొన్ని చికిత్సలకు శస్త్రచికిత్సతోనే సాయము ముగియదు. తరువాతి పరీక్షలకును మందులకును ఏడాదిపాటు వర్తించును. తమ చికిత్స అందు చేరునా యని ఇంటికి బయలుదేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడుగవలెను. గుండె శస్త్రచికిత్సకై రైలులో పోవువారికిని, తోడు వచ్చు ఒకరికిని స్లీపరు తరగతిలో నూటికి 75 వంతుల ఛార్జీ తగ్గింపు కలదు. దానికి నిర్ణీత నమూనాలో వైద్యుని ధ్రువపత్రము కావలెను.

ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితమునకు నకళ్లు తీయించి, ఒకటి ఇంట, ఒకటి జేబున ఉంచుకొనుడు. ఛాతిలో బరువు, చెమట, ఎడమచేతికి ప్రాకు నొప్పి కనిపించినచో, తెల్లవారనిమ్మని కూర్చుండక 108కి ఫోను చేసి, వచ్చినవారికి మొదట ఆ కాగితమును చూపుడు.