బొమ్మ రాకపోతే పాత ప్రాసెసరే దిక్కు

"అన్నా, ఫ్యాన్ తిరుగుతుంది, లైట్లు ఎలుగుతున్నయ్, బొమ్మ మాత్రం వస్తలేదు." గల్ఫ్‌లో హార్డ్‌వేర్ పని చేసే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పిల్లలకు ఈ ఫోను ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. అవతల బామ్మర్దో, చిన్నాయన కొడుకో ఉంటాడు. బోటిమ్‌లోనో ఐమోలోనో వీడియో పెట్టి, ఫోను తీసుకెళ్లి సీపీయూ డబ్బాలో దింపుతాడు. మనకు కనబడేది దుమ్ము, ఓ ఎర్రలైటు, వాడి బొటనవేలు. పాఠకులకు పనికొచ్చేది ఏదైనా రాయమని ఈ సంచిక కమిటీ పెద్దలు అడిగారు. నాకు ఇంతకన్నా పనికొచ్చే సంగతి తోచలేదు.

ఈమధ్య ఈ ఫోన్లు ఎక్కువయ్యాయి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి. అంతకుముందు తరం సిస్టమ్‌లు మన ఊళ్ల ఆన్‌లైన్ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కొత్తది కొనేకన్నా లోపలి సామాను మారుస్తే చవక. సెలవు మీద పోయేవాళ్లు బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డున కొని, బట్టల మధ్య చుట్టుకుని తీసుకుపోతారు. అక్కడ బిగించాక బొమ్మ రాదు. మార్చుకుందామంటే దుకాణం సముద్రం అవతల ఉంటుంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోదామన్నా కోరుట్ల నుంచి 200 కిలోమీటర్ల పైమాటే.

బొమ్మ రాకపోతే సామాను కాలిపోయిందని అనుకోవద్దు. సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) ఆగితే ముందు తెగిన పోగు ఎక్కడుందో చూస్తారు గానీ సాంచా మార్చాలనరు. ఇక్కడా అంతే. గ్రాఫిక్స్ కార్డు కొత్తగా పెట్టి మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకే గుచ్చి ఉంచుతారు. దాన్ని కార్డుకు మార్చాలి. ర్యామ్ రెండు చివర్లా టిక్కుమనే దాకా దిగదు, కొంచెం గట్టిగానే నొక్కాలి. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్క ర్యామే ఉంటే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాటులో పెట్టాలి. ప్రాసెసర్ పక్కన మూలకు ఉండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల కరెంటు వైరు మరిచిపోతే ఫ్యాన్లు హాయిగా తిరుగుతాయి, బొమ్మ రాదు. డీడీఆర్5 ర్యామ్ అయితే మొదటిసారి స్విచ్ వేసినప్పుడు కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉండొచ్చు. బోర్డు ఆ ర్యామ్‌ను పరీక్షించుకుంటూ ఉంటుంది. ఓపిక లేక మధ్యలో ఆపేస్తే ఆ పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. ఇవన్నీ చిన్న తిప్పలు, చూసుకుంటే తీరిపోతాయి.

నిద్ర పట్టనియ్యని తిప్పలు ప్రాసెసర్ మార్పుతోనే వస్తాయి.

మా బామ్మర్దిది కోరుట్లలో ఆన్‌లైన్ సెంటర్. వీసా కాగితాల ప్రింట్లు, పరీక్షల దరఖాస్తులు అన్నీ ఒకే సిస్టమ్ మీద. హెచ్110 బోర్డు, ఏడో తరం ఐ3. విండోస్ 11 కోసం ఓ దుకాణంలో ఎనిమిదో తరం ఐ5 తీసుకున్నాడు. దుకాణదారు పాత ఐ3ను ఎక్స్ఛేంజ్‌లో పట్టుకుని రేటు తగ్గించాడు. రెండూ ఎల్‌జీఏ1151 సాకెట్‌వే. గుంట అదే, గాట్లు అవే, చక్కగా కూర్చుంది. బొమ్మ మాత్రం రాలేదు. అదే దుకాణంలో బోర్డు పోయిందని చెప్పి ఇంకో బోర్డు అమ్మారు. పోయిందన్న బోర్డును తర్వాత నేనే చూశాను. ఆరో తరం ప్రాసెసర్ పెట్టగానే లేచి కూర్చుంది.

సంగతేమిటంటే, ఆరు, ఏడు తరాలకు 100, 200 సిరీస్ బోర్డులు కావాలి. ఎనిమిది, తొమ్మిదికి 300 సిరీస్ కావాలి. పిన్నుల లెక్క ఒకటే అయినా లోపల కరెంటు ఇచ్చే తీరు వేరు. ఇది బయాస్ (బోర్డును లేపే సాఫ్ట్‌వేర్) మార్చినా తీరదు. బయాస్‌తో తీరేవీ ఉన్నాయి. ఆరో తరం నాటి బయాస్ ఉన్న హెచ్110కు ఏడో తరం పెడితే, కొత్త బయాస్ ఎక్కేదాకా ఆ ప్రాసెసర్ ఎవరో బోర్డుకు తెలియదు. కొత్త బయాస్ ఎక్కించాలంటే తెర కనిపించాలి, తెర కనిపించాలంటే బోర్డు ఎరిగిన పాత ప్రాసెసర్ ఉండాలి. అదేమో అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో పోయి ఉంటుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ ఎక్కించుకునే బోర్డులు కొన్ని ఉన్నాయి గానీ, చవక రకాల్లో ఆ సౌకర్యం అరుదు.

ఏఎండీలో రెండు చిక్కులు ఒకేసారి పడతాయి. 2018 నాటి బీ450 బోర్డులో రైజెన్ 3 2200జీ తీసి రైజెన్ 5 5600 పెట్టారనుకోండి. పాత బయాస్ దాన్ని ఎరగదు. బయాస్ మార్చినా బొమ్మ రాదు, ఎందుకంటే 2200జీలో గ్రాఫిక్స్ ఉంది, 5600లో లేదు. విడిగా కార్డు పెట్టాల్సిందే. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాంటి చివర ఎఫ్ ఉన్నవాటికీ ఇదే కథ. ఒక్క అక్షరం చూసుకోక ఎంతమంది మదర్‌బోర్డులు మార్చారో!

కొనకముందే విండోస్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి. బోర్డు పేరు, బయాస్ తేదీ కనిపిస్తాయి. బోర్డు కంపెనీ సైట్‌లో ఏ ప్రాసెసర్‌కు ఏ బయాస్ కావాలో పట్టిక ఉంటుంది. బయాస్ పాత ప్రాసెసర్ ఉండగానే మార్చండి, యూపీఎస్ మీద మార్చండి, వానాకాలం సాయంత్రం మాత్రం ఆ పని పెట్టుకోకండి. సగంలో కరెంటు పోతే బోర్డు అంతే సంగతులు. అన్నీ చూసుకున్నా బొమ్మ రాకపోతే ప్లగ్గు తీసి, సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాలు బయట పెట్టి, ఒక్క ర్యామ్‌తో, హార్డ్‌డిస్కులన్నీ పీకేసి, స్విచ్ వేసి చూడండి. అప్పటికీ రాకపోతే పాత ప్రాసెసర్ తిరిగి పెట్టండి. బొమ్మ వచ్చిందంటే బోర్డు ఆరోగ్యంగా ఉన్నట్టే, దుకాణదారు ఏం చెప్పినా సరే.

డబ్బా విప్పేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుది సిరిసిల్ల. సినారె పుట్టిన హనుమాజీపేట కూడా ఆ జిల్లాదే. చేతిపనీ మాటనేర్పూ రెండూ ఉన్న గడ్డ మనది. మన పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టలేరన్నా, తెలుగు టైపు చేయలేరన్నా నేను ఒప్పుకోను. బాగుచేసిన సిస్టమ్‌ను ఊరికే సినిమాలకు వదిలేయకుండా, అమ్మమ్మ పాడే బతుకమ్మ పాటలు, ఊళ్లో చెప్పిన ఒగ్గుకథ రికార్డింగులు, దుబాయ్ నుంచి నాన్న రాసిన ఉత్తరాల ఫొటోలు అందులో పెట్టించండి. తెలుగులోనే పేర్లు రాయించండి.

అలా పెట్టినవి ఉంటే ఇంకో జాగ్రత్త. విండోస్ 11 కొన్ని సిస్టమ్‌లలో డిస్కుకు తనంతట తానే తాళం వేసి ఉంచుతుంది. ప్రాసెసర్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేరున, ఏ ఫోను నంబరు మీద తెరిచారో ముందే కనుక్కోండి. చాలా ఇళ్లలో అది సిస్టమ్ అమ్మిన కుర్రాడికే తెలుసు. ఏఎండీ బోర్డుల్లో కొత్త ప్రాసెసర్ పెట్టగానే, ఆ తాళం వివరాలు దాచుకునే ఎఫ్‌టీపీఎమ్ చెరపమంటారా అని వై, ఎన్ అడుగుతుంది. కీ చేతిలో లేకపోతే ఎన్ నొక్కి, సిస్టమ్ ఆపి, పాత ప్రాసెసర్ మళ్లీ పెట్టండి. తాళం తెరుచుకుంటుంది. ఫొటోలు, పాటలు వేరే డిస్కులోకి ఎక్కించుకున్నాకే కొత్తది బిగించండి. కొత్తది సరిగ్గా నడిచేదాకా పాతదాన్ని ప్లాస్టిక్ పెట్టెలో దాచి ఉంచండి, ఎవరెంత ఎక్స్ఛేంజ్ ఇస్తానన్నా ఇవ్వకండి.