నాడి కాదు.. ఊపిరి చూడు!

ఉయ్యూరు నుంచి ఆపరేషన్‌కి బెజవాడ వెళ్లేవాళ్లు సర్జన్ హస్తవాసి గురించి పదిమందిని వాకబు చేస్తారు. మత్తు డాక్టరు ఎవరని అడిగేవాళ్లు అరుదు. ఆ మత్తు ఎలా ఇవ్వాలన్న గొడవ తేల్చుకోవడానికి ఒకప్పుడు లండన్ నుంచి డాక్టరు ఓడెక్కి మరీ హైదరాబాద్ వచ్చాడు. రప్పించినవాడు బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ.

లారీ 1885లో హైదరాబాద్ వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో కత్తి పట్టేవాడు, వైద్య పాఠశాలలో పాఠం చెప్పేవాడు. ఎడిన్‌బరోలో గురువు జేమ్స్ సైమ్ నేర్పిన మాటే ఆయనకు వేదం: క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చేవాడి కన్ను రోగి ఊపిరి మీదే ఉండాలి, చెయ్యి నాడి మీద కాదు.

లండన్ ఒప్పుకోలేదు. క్లోరోఫాం మత్తుమందుగా 1847లో వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాదే హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల ఇంగ్లిషు పిల్ల కాలిగోరు తీయించుకోబోయి, ఆ మందు పీల్చిన కాసేపటికే చనిపోయింది. గుండె ఆగే ఇలాంటి చావులు వస్తున్నాయి కాబట్టి నాడి చూడాల్సిందేనని అక్కడివాళ్ల వాదన. లారీ 1888లో కమిషన్ వేసి ప్రయోగాలు చేయిస్తే లాన్సెట్ పత్రిక పెదవి విరిచింది. అయితే మీ మనిషినే పంపండంటూ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చాడు. 1889లో లాన్సెట్ తరఫున డాక్టరు లాడర్ బ్రంటన్ వచ్చాడు. కుక్కలు, కోతులు, మేకలు.. నాలుగు వందలకు పైగా మూగజీవాల మీద పరీక్షలు. వాటి ఉసురు తలుచుకుంటే ఇప్పుడు మనసొప్పదు. చివరికి బ్రంటన్ కూడా లారీ పక్షానికే వచ్చాడు.

కమిషన్ చెప్పిన పద్ధతి మాత్రం పనివాడి పద్ధతి. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మెడ దగ్గర, పొట్ట దగ్గర బిగుతు బట్టలుండకూడదు. కొసన దూది పెట్టిన గరాటులాంటి తొడుగులో మందు పోసి పీల్పించాలి. కనుగుడ్డు తాకినా రెప్ప కదలకపోతే మందు ఆపాలి. ఊపిరి తడబడితే కింది దవడ ముందుకు లాగాలి.

లారీ పాఠం చెప్పిన వైద్య పాఠశాలలోనే చదివి 1889లో పట్టా పుచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. నా లెక్కలో లారీ చేసిన గొప్ప పని ఈ శిష్యురాలే.

ఎందుకంటే సిద్ధాంతంలో ఆయన ఓడిపోయాడు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు చూపించాడు. మలేరియాకు క్రిమి కారణమన్నా లారీ నమ్మలేదు, అక్కడా ఓడిపోయాడు. పక్కనే సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దాన్ని దోమ కడుపులో పట్టుకున్నాడు.

క్లోరోఫాం పోయింది. ఊపిరిని కనిపెట్టుకుని ఉండే పని పోలేదు. ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు వచ్చి ఎప్పుడు తిన్నారు, ఏ మాత్రలు వాడుతున్నారు, ఆయాసం ఉందా, చుట్ట తాగుతారా అని అడిగితే దాచకుండా చెప్పండి.