199 మెట్ల ఊరు

శవపేటికను భుజాన మోసుకుంటూ కొండెక్కడమంటే మాటలు కాదు. మధ్యమధ్యలో ఆగాలి. దించుకోవాలి. ఊపిరి తీసుకోవాలి. అందుకే విట్‌బీలో కొండ మీది చర్చికెళ్ళే మెట్ల దారిలో అక్కడక్కడా వెడల్పాటి చదును చోట్లు, వాటి పక్కన బల్లలూ ఏర్పాటు చేశారు. పేటికను కాసేపు వాటిమీద ఉంచి, చేతులు మార్చుకుని, మళ్ళీ పైకి నడిచేవారు. ఇప్పుడా బల్లల మీద టూరిస్టులు కూచుని ఐస్‌క్రీములు తింటుంటారు. అవి బతికున్నవాళ్ళకోసం వేసినవి కావని వాళ్ళలో చాలామందికి తెలీదు. తెలిసినవాళ్ళు మాత్రం... ఆయాసంగా ఉంది కాబట్టి వాళ్ళూ కూచుంటారు!

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, యార్క్‌షైర్ ప్రాంతంలో ఉంటుంది విట్‌బీ. లండన్ నుంచి రోడ్డు మీద దాదాపు 400 కిలోమీటర్లు. జనాభా పదమూడు వేలు... మన లెక్కలో ఓ పెద్ద పల్లెటూరు. ఎస్క్ అనే చిన్న నది సముద్రంలో కలిసేచోట ఊరు రెండు ముక్కలైంది. తూర్పు కొండ పాతది, పడమటి కొండ కొత్తది. రెంటినీ కలుపుతూ 1908లో కట్టిన వంతెన. పడవ వస్తే ఆ వంతెన నడిమికి విడిపోయి, రెండు రెక్కలూ పక్కకి తిరుగుతాయి. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు నిలబడిపోతారు. ఎంత తొందర పనున్నా సరే, పడవదే ముందు.

విట్‌బీని కార్లో చూడటం కుదరదు. తూర్పు ఒడ్డున సందులు అంత ఇరుకు. కాళ్ళకింద గుండ్రాళ్ళు పరిచిన దారి. వానపడితే పాదం జారుతుంది. మంచి బూట్లు, కాస్త ఓపిక... ఈ ఊరికి కావల్సినవి ఆ రెండే.

బొగ్గు పడవల కుర్రాడు

వంతెన దాటగానే కుడిపక్క గ్రేప్ లేన్. పేరుకే లేన్, నిజానికి సందు. అందులో ఓ పాత ఇల్లు. 1746లో జేమ్స్ కుక్ అనే రైతుకూలీ కొడుకు పని నేర్చుకోడానికి ఇక్కడికొచ్చాడు. వయసు పద్దెనిమిదేళ్ళు. అంతకుముందు పక్క ఊళ్ళో ఓ దుకాణంలో పొట్లాలు కట్టేవాడు. ఈ ఇంటి యజమాని జాన్ వాకర్‌కి బొగ్గు రవాణా చేసే ఓడలుండేవి. కుక్ వాటిమీద పనిచేస్తూ, ఒడ్డున ఉన్నప్పుడు ఇక్కడి అటక మీద మిగతా కుర్రాళ్ళతో కలిసి పడుకునేవాడు. ఓడ నడపడం, లెక్కలు కట్టడం అన్నీ ఇక్కడ నేర్చుకున్నవే.

ఆ కుర్రాడే తర్వాత కెప్టెన్ కుక్. 1768లో ప్రపంచాన్ని చుట్టడానికి బయల్దేరినప్పుడు ఎంచుకున్న ఓడ, రాజుగారి యుద్ధనౌక కాదు... విట్‌బీలో తయారైన బొగ్గు ఓడ. అదే ఎండీవర్‌గా పేరు మార్చుకుంది. అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి లోతు తక్కువ నీళ్ళలోకీ వెళ్ళగలదు, అవసరమైతే ఇసుక మీదికి ఎక్కించి బాగుచేసుకోవచ్చు. బొగ్గు కోసం కట్టినది కాబట్టి తిండిగింజలకు బోలెడు చోటు. తర్వాతి ప్రయాణాలకు వాడిన రిజల్యూషన్, అడ్వెంచర్, డిస్కవరీ కూడా విట్‌బీ ఓడలే. ఆ ఓడలు చేరిన దీవుల్లోనూ తీరాల్లోనూ ఉన్నవాళ్ళకి తర్వాత ఏం జరిగిందన్నది ఇంకో పెద్ద కథ. దాన్ని ఆ ఇంట్లోని మ్యూజియంలో కాసేపు నిలబడి తలుచుకోవాల్సిందే.

అక్కడినుంచి చర్చి స్ట్రీట్. రెండువైపులా నల్లటి నగల దుకాణాలు. జెట్ అనే నల్లరాయి... అసలు రాయి కూడా కాదు. ఏ పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కిందటో సముద్రం అడుగున కూరుకుపోయి, ఒత్తిడికి గట్టిపడిన చెట్టు కలప. అరగదీస్తే నల్లటి అద్దంలా మెరుస్తుంది. 1861లో భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా రాణి నల్లబట్టలు, జెట్ నగలు వేసుకోవడం మొదలుపెట్టింది. రాణిగారిని చూసి దేశమంతా అదే దారి. ఒక్క ఆడమనిషి దుఃఖంతో ఈ ఊళ్ళో వెయ్యిమందికి పైగా పని దొరికింది.

నగల పక్కనే ఇంకో సరుకు కనిపిస్తుంది... చుట్టలు చుట్టుకున్న పాములా ఉండే రాయి. ఏడో శతాబ్దంలో ఇక్కడ మఠం నడిపిన హిల్డా అనే సాధ్వి కొండమీది పాములన్నిటినీ రాళ్ళుగా మార్చేసిందని స్థానికుల కథ. పాములకి తలలేవంటారా? వెనకటి వ్యాపారులు దానికీ ఉపాయం కనిపెట్టారు. రాయి చివర ఉలితో తల చెక్కి అమ్మేవారు! శాస్త్రవేత్తల లెక్కలో ఇవి అమ్మోనైట్లు, ఎప్పుడో అంతరించిన సముద్రజీవుల శిలాజాలు. మన పూజగదిలోని సాలగ్రామాలూ అవే. గండకి నది ఒడ్డున చక్రమున్న విష్ణువైంది, విట్‌బీ ఒడ్డున తల తెగిన పామైంది.

లెక్క తేలని మెట్లు

ఇక మెట్లు. 199. లెక్కపెట్టుకుంటూ ఎక్కడం ఇక్కడి ఆనవాయితీ. ఒకరికి 198, ఇంకొకరికి 200 వస్తాయి. వాదులాడుకుంటూ మళ్ళీ కిందికి దిగేవాళ్ళూ ఉన్నారు. ఒకప్పుడు ఇవి చెక్కమెట్లు. 1774లో రాతివి వేశారు. 1897లో వచ్చిన 'డ్రాకులా' నవలలో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలోంచి నల్లకుక్క రూపంలో దూకిన రక్తపిశాచి ఈ కొండమీదికే పరిగెడుతుంది. రచయిత బ్రామ్ స్టోకర్ 1890 వేసవిలో కుటుంబంతో ఇక్కడికి గాలిమార్పు కోసం వచ్చాడు. డ్రాకులా అన్న పేరు అతనికి దొరికింది కూడా ఈ ఊరి గ్రంథాలయంలోని ఓ పాత పుస్తకంలోనే. ఆ ఓడ కూడా పూర్తిగా కల్పన కాదు. 1885లో దిమిత్రీ అనే రష్యన్ ఓడ ఇక్కడి రేవులో ఇసుకలో కూరుకుపోయింది. అప్పట్నుంచీ విట్‌బీకి రక్తపిశాచే పెద్ద టూరిస్టు ఏజెంటు! కొందరు అమాయకంగా "డ్రాకులా సమాధి ఎక్కడ?" అనడిగితే, విసిగిపోయిన చర్చివాళ్ళు అలాంటి సమాధి లేదంటూ బోర్డే పెట్టాల్సొచ్చింది.

మెట్లెక్కితే సెయింట్ మేరీ చర్చి. బయట చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. లోపలికెళ్తే మాత్రం ఓడలోకి అడుగుపెట్టినట్టే. ఓడలు కట్టిన చేతులే దీని చెక్కపనీ చేశాయంటారు. నడుమెత్తు చెక్కగోడలతో పెట్టెల్లాంటి అరలు, ఒక్కో కుటుంబానికి ఒక్కోటి. కొన్నింటి మీద 'కొత్తవాళ్ళకు మాత్రమే' అని రాసుంటుంది. ఓడరేవు కదా, ఏ ఆదివారం ఎవరొచ్చి కూచుంటారో తెలీదు. మధ్యలో 1778 నాటి మూడంతస్తుల ప్రసంగ వేదిక. దాని వెనక గోడకి వేలాడే గొట్టాలు... వెనకటి మతగురువు భార్యకు చెవుడు. ఆయన ప్రసంగం ఆమెకి వినపడాలని బిగించినవి. కొండంత చర్చిలో మనసుకి పట్టేది ఈ చిన్న సంగతే.

పండగ ఏ రోజు?

చర్చి వెనక, సముద్రానికి ఎదురుగా పైకప్పు లేని మఠం. హిల్డా దీన్ని 657లో స్థాపించింది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ వేర్వేరుగా ఉంటూ ఒకే పెద్దదిక్కు కింద నడిచిన ఆశ్రమం... ఆ పెద్దదిక్కు ఒక స్త్రీ. ఇప్పుడు కనపడే ఎత్తైన రాతిగోడలు మాత్రం అప్పటివి కావు, ఎక్కువ భాగం పదమూడో శతాబ్దానివి.

664లో ఇక్కడో పెద్ద పంచాయితీ జరిగింది. ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలి? రాజు ఓస్వియుది ఐరిష్ సంప్రదాయం. కెంట్ నుంచి వచ్చిన రాణిది రోము సంప్రదాయం. రాజు పండగ భోజనం చేస్తుంటే, అదే ఇంట్లో రాణి ఇంకా ఉపవాసంలో ఉండేది! దృక్సిద్ధాంతం వాళ్ళు ఒకరోజు, పూర్వసిద్ధాంతం వాళ్ళు మరోరోజు పండగ చేసుకునే ఇళ్ళు మనకీ తెలుసు కదా. రెండు పక్షాల వాదనలూ విని చివరికి రాజు రోము వైపు తీర్పు చెప్పాడు. స్వర్గం తాళంచెవులు సెయింట్ పీటర్ దగ్గరుంటే ఆయనతో పేచీ ఎందుకు, రేపు తలుపు తియ్యకపోతే ఎలా అన్నది ఆయన తర్కం. ఆ ఒక్క తీర్పుతో ఉత్తర ఇంగ్లండ్ చర్చి రోముకు దగ్గరైంది.

హిల్డా రోజుల్లోనే కేడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. చదువు లేదు. విందుల్లో వరసగా అందరూ వాద్యం పట్టుకుని పాడుతుంటే, తన వంతు వస్తుందన్న భయంతో లేచి పశువుల కొట్టానికి వెళ్ళిపోయేవాడు. ఓ రాత్రి కలలో ఎవరో వచ్చి పాడమన్నారట. తెల్లారేసరికి పాట వచ్చింది. ఇంగ్లిషు భాషలో పేరు తెలిసిన మొట్టమొదటి కవి అతనే. మిగిలింది తొమ్మిది పంక్తులు. కాళిదాసు కథ విని పెరిగినవాళ్ళకి ఇదంతా కొత్తగా ఏమీ అనిపించదు.

మఠాన్ని 1539లో ఎనిమిదో హెన్రీ మూయించేశాడు. నడిమి గోపురం 1830లో కూలింది. 1914 డిసెంబరు 16న జర్మన్ యుద్ధనౌకలు పేల్చిన గుండ్లు పడమటి ముఖాన్ని దెబ్బతీశాయి. అన్నిటికంటే నెమ్మదిగా, అన్నిటికంటే పట్టుదలగా పనిచేసే శత్రువు మాత్రం కిందనుంది. సముద్రం. హిల్డా కాలంనాటి మఠం స్థలంలో కొంత ఇప్పటికే దాని పాలైంది.

జారుతున్న కొండ

సమాధుల మధ్య నడిస్తే ఒక్క పేరూ సరిగ్గా చదవలేం. ఉప్పుగాలి రాళ్ళని తినేసింది. ఇక్కడున్నవాళ్ళలో చాలామందివి సముద్రం మీద బతుకులు. 1861 ఫిబ్రవరి 9న తుఫానులో ఒక్కరోజే లైఫ్‌బోటు ఐదుసార్లు వెళ్ళి ఐదు ఓడలవాళ్ళని కాపాడింది. ఆరోసారి బోల్తా పడింది. పదమూడు మందిలో పన్నెండు మంది పోయారు. మిగిలిన ఒక్కడు హెన్రీ ఫ్రీమన్. కొత్తరకం బెండు కోటు తొడుక్కున్నది అతనొక్కడే. 1914 అక్టోబరు 30న రొహిల్లా అనే ఆసుపత్రి నౌక ఊరి పక్కనే రాళ్ళకి కొట్టుకుంది. మన రోహిల్‌ఖండ్ పేరు మీద, బ్రిటిష్ ఇండియా కంపెనీ నడిపిన ఓడ. ఒడ్డున జనం చూస్తుండగానే ఎనభై మందికి పైగా చనిపోయారు.

అలా పోయినవాళ్ళనీ కొండ ఉండనివ్వడం లేదు. 2012 నవంబరు వానలకి తూర్పు కొండ వాలు జారింది. ఓ వరస ఇళ్ళలో ఐదింటిని కూల్చేయక తప్పలేదు. 2013 మొదట్లో శ్మశానం అంచు విరిగి పాత ఎముకలు కింది వీధి వైపు జారాయి. చర్చివాళ్ళు వాటిని ఏరి మళ్ళీ పాతిపెట్టారు.

ఆ కింది వీధి పేరు హెన్రియెట్టా స్ట్రీట్. మెట్లు దిగి కుడికి తిరిగితే, కంటికంటే ముందు ముక్కుకే తెలుస్తుంది. 1872 నుంచీ అక్కడ ఒకే కుటుంబం హెర్రింగ్ చేపలకు పొగపెడుతోంది. మన కవళ్ళకు చుట్టమే ఈ చేప. పొగచూరి తారులా నల్లబడిన గోడలున్న చిన్న కొట్టం, కొక్కేలకు వేలాడే చేపలు... చేపలవాసన పడనివాళ్ళు ముక్కు మూసుకునైనా ఒకసారి తొంగిచూడాలి.

తర్వాత వంతెన దాటి పడమటి కొండ ఎక్కితే రెండు తిమింగలం ఎముకలతో చేసిన తోరణం. విట్‌బీ ఓడలు తిమింగలాల వేటకి వెళ్ళిన రోజుల గుర్తు. మొదటిది 1853 నాటిది. ఇప్పుడున్నది 2003లో అలాస్కా నుంచి వచ్చింది. ఆ తోరణంలోంచి చూస్తే అవతలి కొండమీద చర్చీ మఠమూ బొమ్మ కట్టినట్టు కనిపిస్తాయి. ఊరు ఉత్తరానికి తిరిగి ఉండటంవల్ల జూన్ చివర్లో ఇక్కడ సూర్యుడు సముద్రంలోనే ఉదయించి సముద్రంలోనే అస్తమిస్తాడు. విశాఖ, కాకినాడ వాళ్ళకి ఆ రెండోది దొరకని భాగ్యం.

వెలగని కిటికీలు

సాయంత్రమయ్యాక మళ్ళీ చర్చి స్ట్రీట్‌కి రావాలి. వేసవి శనివారమైతే సందడే. చలికాలంలో మామూలు రోజైతే వేరే సంగతి. ఇళ్ళన్నీ ముద్దొస్తుంటాయి. తలుపులకి కొత్త రంగు. చాలా తలుపుల పక్కన నంబర్లు నొక్కితే తెరుచుకునే చిన్న తాళంచెవి పెట్టె. అంటే ఇది ఎవరి ఇల్లూ కాదు, వారానికింత అని అద్దెకిచ్చే విడిది. లేదా ఏడాదిలో నాలుగువారాలు వచ్చిపోయేవాళ్ళ రెండో ఇల్లు. నగరాల డబ్బుతో పోటీపడలేక, ఇక్కడే పుట్టిపెరిగిన జంటలు ఇల్లు దొరక్క బయటి ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. ఓడల మీద పనిచేసేవాళ్ళూ, హోటళ్ళలో వడ్డించేవాళ్ళూ, ఆసుపత్రిలో రోగుల్ని చూసుకునేవాళ్ళూ వాళ్ళే. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎక్కువైనకొద్దీ, ఉండేవాళ్ళకి చోటు తగ్గుతోంది. ఇందులో చూడ్డానికి వెళ్ళినవాళ్ళ వాటా కూడా ఉందన్నది దాచేస్తే దాగేది కాదు.

2022 జూన్‌లో ఊరివాళ్ళు ఓటేశారు. కొత్తగా కట్టే ఇళ్ళు ఏడాదంతా ఇక్కడే కాపురముండేవాళ్ళకే అమ్మాలా వద్దా? పోలైన ఓట్లలో 93 శాతం అమ్మాలనే పడ్డాయి. అయితే ఆ ఓటుకి చట్టబద్ధత లేదు, ఊరి మాటేమిటో చెప్పడం వరకే. 2025 ఏప్రిల్ నుంచి మాత్రం రెండో ఇళ్ళమీద ఇంటిపన్ను రెట్టింపు చేశారు. డబ్బున్నవాళ్ళకి అదో లెక్కా అన్నది కొందరి మాట. మెల్లగానైనా మార్పు వస్తుందని మరికొందరి ఆశ.

రేవులో మాత్రం ఎండ్రకాయల బోనులు వరసగా పేర్చి ఉంటాయి. వేకువనే ఎవరో వచ్చి వాటిని పడవలోకి ఎక్కిస్తారు. సైరన్ మోగుతుంది. వంతెన రెండుగా విడిపోతుంది. ఇటువాళ్ళు ఇటు, అటువాళ్ళు అటు నిలబడి చూస్తుండగా, పడవ సముద్రంలోకి వెళ్ళిపోతుంది.